రెండో భాగంలో నా చేతులు

ఫిబ్రవరి 3

వదినా,

ఈ ఒక్క ఉత్తరం మాత్రం మనసులో చదువుకో. అన్నయ్య సినిమా హాలు క్యాబిన్‌లో రీళ్ళు చుట్టుకుంటుంటే నువ్వు పక్కన స్టూలేసుకుని నా ఉత్తరాలు పైకి చదువుతావని నాకు తెలుసు. ఆయన ఒక్క ముక్క కూడా వినడనీ తెలుసు. అయినా ఇది ఆయన చెవిన పడకూడదు.

నేను సినిమాలో ఉన్నాను. నవ్వకు. నేనంటే మొత్తం నేను కాదు, నా చేతులు. మనిద్దరం కాలేజీ ఎగ్గొట్టి పంతొమ్మిదిసార్లు చూసిన యుద్ధవిమానాల సినిమా ఉంది కదా, ముప్పై ఏళ్ళకి దానికి రెండో భాగం తీశారు, వచ్చే నెలలో విడుదలట, ఏవో చివరి షాట్లు మిగిలాయి. పోయిన వారం యూనిట్ మొత్తం మా ఎయిర్ ఫోర్స్ బేస్‌లో దిగింది. మేం పారాచూట్లు మడిచే గదిలో వాళ్ళకొక షాట్ కావాలి. నటి వచ్చింది. పాపం మర్యాదస్తురాలే, కానీ గోళ్ళు ఇంతింత. ఆ గోళ్ళతో గుడ్డ ముట్టుకుంటే ఊరుకోనన్నాను. డైరెక్టరు నా మొహం చూసి, ఆ తర్వాత నా చేతులు చూసి, అయితే చేతులు మీవి, మొహం ఆవిడది అన్నాడు.

వాళ్ళకి ఇరవై సెకన్లు చాలట. నాది నలభై నిమిషాల పని. కెమెరా ఆపేసినా నేను ఆపలేదు. ఇరవై ఎనిమిది తాళ్ళూ చిక్కు లేకుండా సరిచేసి, గుడ్డ మడతలు ఒకదాని మీద ఒకటి పరిచి, అవి కదలకుండా ఇసుక సంచులు బరువు పెట్టి, తాళ్ళు ఉచ్చుల్లోకి దోపి, మూత బిగించి, కార్డు మీద సంతకం పెట్టేదాకా బల్ల వదల్లేదు. లైట్లవాళ్ళు విసుక్కున్నారు. విసుక్కోనీ. పారాచూట్‌ని సగం మడిచి టీకి పోయే అలవాటు నాకు లేదు.

జూన్‌లో నా రిటైర్మెంటు. ఇన్నేళ్ళలో అన్నయ్య నా పనిని ఒక్కసారి కూడా చూడలేదు. ఎవరడిగినా "మా చెల్లిదా, మడతల ఉద్యోగం" అంటాడు, నేనేదో దుప్పట్లు మడుస్తున్నట్టు. ఆర్నెల్లకోసారి విప్పి, ఆరేసి, మళ్ళీ మడవడమేగా అంటాడు. నిజమే, ఎవరూ వాడకుండానే విప్పుతాం. నా పనితో ఎవరికీ అవసరం పడకపోవడమే అందరికీ మంచిది. కానీ మూడుసార్లు పడింది వదినా. మా దగ్గర ఒక పద్ధతుంది, నీకెప్పుడో రాశాను. విమానంలోంచి దూకి బతికొచ్చిన పైలట్ నేరుగా మా గదికి వస్తాడు. ఆ పారాచూట్ తాలూకు కార్డు వెనక "తెరుచుకుంది" అని ఒక్క మాట రాసి, సంతకం పెట్టి, మడిచిన మనిషి చేతికిస్తాడు. సన్మానాలూ ఉపన్యాసాలూ ఏమీ ఉండవు. అలాంటివి మూడు కార్డులు నా పెట్టెలో ఉన్నాయి.

అందుకని నాదొక్కటే కోరిక. సినిమా రాగానే అన్నయ్యని క్యాబిన్‌లోంచి దింపి కింద సీట్లో కూర్చోబెట్టు. మెషిన్ నువ్వు నడుపు. గోడలో కంతలోంచి ఒక కన్నేసి చూడ్డం కాదు, అందరిలాగా కుర్చీలో ఆనుకుని చూడాలి. ఆ ఇరవై సెకన్లూ చూశాక కూడా మడతల ఉద్యోగం అంటాడేమో చూద్దాం.

ఇట్లు,
కొత్తగా తార అయిన నీ ఆడపడుచు


ఫిబ్రవరి 11

శ్రీమతి తారగారి పాదాలకు దూరం నుంచి ఒక దణ్ణం.

మనసులోనే చదువుకున్నాను తల్లీ. కానీ గోళ్ళ దగ్గర నవ్వాగలేదు. మీ అన్నయ్య రీలు చుట్టడం ఆపి ఏంటన్నాడు. ఏం లేదన్నాను. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక ఏం లేదంటే నమ్మే మొగుడెవడు? చివరికి, వాళ్ళ బేస్‌కి సినిమావాళ్ళొచ్చారట అని అంతవరకే చెప్పాను. ఇక చూసుకో. "ఇంకో నాలుగు నెలల్లో రిటైర్మెంటు పెట్టుకుని ఇప్పుడు దానికి వేషాల పిచ్చేంటి" అని రెండు రోజులు కాఫీ గ్లాసు ముందు గొణుగుడు. ఉద్యోగం మానేసి నువ్వు హీరోయిన్ తల్లి వేషాలకి పోతున్నావని ఆయన నిశ్చయం. నేను సర్దిచెప్పలేదు. సర్దిచెబితే గుట్టు బయటపడుతుంది కదా.

మన హాలు చూస్తే నువ్వు గుర్తుపట్టవు. రెండో భాగం వస్తోందని సీట్లన్నిటికీ రంగు వేయించాడు. తెర ఉతికించాడు. రెండు మెషిన్లూ విప్పి, నూనె పెట్టి, మళ్ళీ బిగించాడు. ఒక స్క్రూ మిగిలిపోయింది. అది ఎక్కడిదో తెలియక మూడు రోజులు అన్నం సయించలేదు, చివరికి చూస్తే అది మా గోడ గడియారానిది. బుకింగ్ కిటికీ దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళందరికీ మొదటి భాగం కథ చెబుతున్నాడు, వాళ్ళు అడక్కపోయినా.

మొన్న బిస్కెట్ల డబ్బా కూడా దింపాడు. గుర్తుందా? మొదటి భాగం ప్రింటు అరిగిపోయి పారేసేటప్పుడు, పారాచూట్ తెరుచుకునే ముక్క ఒక్కటీ కత్తిరించి దాచుకున్నాడు. ఎందుకని అప్పుడడిగితే ఊరికే అన్నాడు. మొన్న దాన్ని వెలుతురుకి పెట్టి చూశాం. నీలం, ఆకుపచ్చ అన్నీ ఎగిరిపోయాయి. ఆకాశం, మబ్బులు, పారాచూట్, మొత్తం గులాబీ రంగు.

నాకు ఆ రోజులు గుర్తొచ్చాయి. మీ అన్నయ్య అప్పుడే కొత్త ఆపరేటరు. మనిద్దరం క్యాబిన్‌లో నక్కి కంతలోంచి చూసేవాళ్ళం. నువ్వు ఆ కంతలోంచి పారాచూట్‌ని చూశావు, నేను వెనక్కి తిరిగి మీ అన్నయ్యని చూశాను. ఎవరు చూసింది వాళ్ళకి దక్కింది.

ఆయన్ని కింద కూర్చోబెట్టే పూచీ నాది. నేను దిగితే రీలు మార్చేదెవరు అన్నాడు. ఆయనకి జ్వరమొచ్చిన ప్రతిసారీ మార్చిందెవరో గుర్తుచేశాను. మొదటాటకి ఒప్పుకున్నాడు.

నీ వదిన,
ఆపరేటరుకి ఆపరేటరు


మార్చి 9

మరదలా,

రెండు రోజులుగా రాద్దామనుకుంటూనే ఉన్నాను. తీరిక లేదు.

సినిమా వచ్చింది. ఎలా చెప్పను? ముప్పై ఏళ్ళు ఎదురుచూసినందుకు మనకి మంచి శాస్తి చేశారు. హీరో ఒళ్ళు చేశాడు. సీటు బెల్టు పెట్టుకునే షాట్‌లో బెల్టు చూపిస్తారు, పొట్ట చూపిస్తారు, రెండూ కలిసింది మాత్రం చూపించరు. రన్‌వే మీద ఒక రకం విమానం బయల్దేరుతుంది, గాల్లో ఇంకో రకం ఎగురుతుంది, దిగేటప్పుడు మళ్ళీ మొదటిదే. ఒకే పేలుడుని మూడుసార్లు వాడుకున్నారు. మూడోసారి తలకిందులుగా తిప్పి చూపించారు, పొగ కిందికి పోతోంది. విమానం పైకప్పు తెరిచి ఒక పాట. అంత గాలిలో హీరోయిన్ జుట్టు ఒక్క వెంట్రుక కదల్లేదు. మొదటి భాగంలో హీరోకి విమానం నేర్పిన మాస్టారు ఉంటాడు చూడు, తెల్ల మీసాలాయన, ఆయన ఒక్కడే మనిషిలా ఉన్నాడు. విలన్ ఎందుకు విలనో నాకైతే అర్థం కాలేదు.

ఇంటర్వెల్‌కి సగం హాలు బయట టీ తాగుతూ ఉండిపోయింది, లోపలికి రాలేదు.

నీ చేతులు కనిపించాయి. చాలా బాగున్నాయి.

మీ అన్నయ్య చెప్పినట్టే కింద కూర్చుని చూశాడు. ఆట అయ్యాక ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. సినిమా బాగోలేదని బాధ అనుకుంటాను.

నువ్వు సెలవు పెట్టి వస్తానన్నావు కదా, ఈ నెలలో రావద్దు. సీట్లకి రంగు వేయిస్తున్నాం, వాసన. సినిమా కూడా ఎలాగూ పోతుంది. ఇంకేం రాయను, చెయ్యి నొప్పిగా ఉంది.

వదిన


మార్చి 15

వదినగారికి,

గారు అని ఎందుకన్నానో చదివితే తెలుస్తుంది.

సీట్లకి రంగు ఫిబ్రవరిలోనే వేయించామని రాశావు. ఒకే సీట్లకి ఎన్నిసార్లు వేయిస్తారు? హీరో పొట్ట గురించి పేజీ నింపిన దానివి, నా చేతుల గురించి ఒక్క లైను రాసేసరికి చెయ్యి నొప్పి పుట్టిందా? నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఇక్కడ అందరికీ తెలిసిపోయింది. మా రేడియో ఆపరేటరు నగరానికెళ్ళి సినిమా చూసొచ్చి, క్యాంటీన్‌లో అందరి ముందూ కథ చెప్పింది. నా చేతులు ఒక ద్రోహి చేతులట. విలన్ దగ్గర డబ్బు తిని మాస్టారి పారాచూట్‌ని పాడుచేసేది ఆ మడిచే మనిషేనట. నా చేతులు చూపించి, వెంటనే ఆ నటి వంకర నవ్వు చూపిస్తారట. తర్వాత మాస్టారు దూకుతాడు, పారాచూట్ తెరుచుకోదు, చచ్చిపోతాడు. ఆ డైరెక్టరు ఈ సంగతి నాకు మాటమాత్రంగానైనా చెప్పలేదు.

పిల్ల పైలట్లు ఆటపట్టిస్తున్నారు. "అక్కా, నా పారాచూట్ మాత్రం నువ్వు మడవకే" అంటున్నారు. హాస్యానికే అంటున్నారు, నేనూ నవ్వుతున్నాను. కానీ గదికొచ్చాక ఏడ్చాను, నీ దగ్గర దాచేదేముంది? ద్రోహి అన్నందుకు కాదు. అది సినిమా, ఎవరినైనా ఏమైనా అనుకోవచ్చు. ఆ పారాచూట్ తెరుచుకోకపోవడమేంటి? ప్రతి తాడూ సరిచూసి మడిచాను. కెమెరా కోసం కూడా తప్పుగా మడవడం నాకు చేతకాలేదు. కళ్ళున్నవాళ్ళెవరైనా ఆ ఇరవై సెకన్లు చూస్తే అది తెరుచుకుని తీరుతుందని చెప్పగలరు.

అన్నిటికంటే నొప్పి పుట్టించింది ఇంకొకటి. మీ వీధిలో ఇల్లున్న మా జీపు డ్రైవరు సెలవు నుంచి తిరిగొచ్చాడు. శనివారం పొద్దున హాలు ముందు నుంచి వెళుతూ పలకరిద్దామని క్యాబిన్ మెట్లెక్కాడట. అన్నయ్య ఆ రీలు బల్ల మీద పరిచి కత్తెరతో కోస్తున్నాడట. నేలంతా ముక్కలట. ఏంటి సార్ అంటే తల కూడా ఎత్తలేదట.

అర్థమైంది. ఊళ్ళో పరువు పోతుందని చెల్లెలి చేతులు కోసిపారేశాడు. ముప్పై ఏళ్ళలో ఆయన నా పనిని చూసింది ఒక్కసారి, అదీ ఇలా. నువ్వు కూడా ఆయనతో కలిసి దాచావు.

నేను రావడం లేదు. ఈ నెలలోనే కాదు, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఏదో గది చూసుకుంటాను.

ఇట్లు,
మడతల ఉద్యోగి


మార్చి 19

ఒసేయ్ పిచ్చిదానా,

నీ ఉత్తరం చదివి తల బాదుకున్నాను. దాచింది నేనే, ఒప్పుకుంటున్నాను, నీ మనసు కష్టపెట్టుకుంటావని. మీ అన్నయ్యని మాత్రం ఒక్క మాటనకు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను, కూర్చుని చదువు.

మొదటాట. నేను క్యాబిన్‌లో ఉన్నాను, ఆయన కింద మధ్య వరసలో. నేను కంతలోంచి తెర కంటే ఆయన్నే ఎక్కువ చూస్తున్నాను. ఏడో రీల్లో నీ చేతులొచ్చాయి. చేతులని నేను ఆయనకి చెప్పనే లేదు. అయినా చూడగానే నిటారుగా కూర్చున్నాడు. ఎడమ బొటనవేలు మీద కత్తిపీట గాటు ఉంది కదా, దాంతో గుర్తుపట్టాడట. ఇక చూడు, వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతున్నాడు, పెదాలు కదులుతున్నాయి. తర్వాత అడిగితే చెప్పాడు. తాళ్ళు సరిచెయ్యడం అయింది, మడతలు పరవడం అయింది, ఇసుక సంచులు పెట్టింది, ఉచ్చుల్లోకి దోపింది అని ఒక్కొక్కటీ చూసుకున్నాడట. నీ ఉత్తరాలు ఒక్క ముక్క కూడా వినడని రాశావు. రీలు చుట్టుకుంటూనే అంతా విన్నాడే. ఇన్నేళ్ళూ విన్నాడు.

తర్వాత మాస్టారు దూకాడు. పారాచూట్ మూటలాగే కిందికి పోతోంది. మీ అన్నయ్య లేచి నిలబడ్డాడు. వెనకనుంచి ఎవరో కూర్చోండి సార్ అన్నారు. ఆయన కూర్చోలేదు. తెరవైపు వేలు చూపించి, పైన మెషిన్ చప్పుడులో నాకు కూడా వినపడేంత గట్టిగా అన్నాడు.

"అది మా చెల్లెలు మడిచింది. అది తెరుచుకుంటుంది."

తెరుచుకోలేదు. మాస్టారు చచ్చిపోయాడు. ఆయన అలాగే నిలబడి ఉన్నాడు, ఎవరో చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేదాకా. గోడవైపు తిరిగి పడుకోవడం అందుకే. సినిమా బాగోలేదని కాదు.

మర్నాడు పొద్దున కాఫీ కూడా తాగకుండా హాలుకి పోయాడు. నేను వెళ్ళేసరికి ఏడో రీలు బల్ల మీద ఉంది, పక్కన బిస్కెట్ల డబ్బా ఉంది. నీ చేతుల్ని కొయ్యలేదే, వాటిని ముట్టుకోనే లేదు. ఆ నటి వంకర నవ్వు కోశాడు. మాస్టారు మూటలా పడిపోయేది కోశాడు. దాని బదులు మొదటి భాగం ముక్క అతికించాడు. నీ డ్రైవరు చూసింది అదే. తల ఎత్తలేదంటే ఎందుకు ఎత్తుతాడు, అతుకు ఒక్క వెంట్రుకవాసి తేడా వచ్చినా మెషిన్‌లో తెగిపోతుంది.

ఇప్పుడు మన హాల్లో ఎలా ఉంటుందంటే, నీ చేతులు శ్రద్ధగా మడుస్తాయి, మాస్టారు దూకుతాడు, నీలంగా ఉన్న ఆకాశం ఒక్కసారిగా గులాబీ రంగుకి తిరుగుతుంది, పారాచూట్ ఇంత పెద్దదిగా విచ్చుకుంటుంది. కింద వేలాడేది చీమంత, మాస్టారో కాదో ఎవరికి తెలుసు? మొదటిరోజు జనం ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ తర్వాత చప్పట్లు కొట్టారు. అసలు కష్టం అక్కణ్ణుంచి మొదలైంది. క్షేమంగా దిగినాయనకి తర్వాతి సీన్లో అంత్యక్రియలు. అవీ కోశాడు. హీరో సమాధి దగ్గర శపథం చేస్తాడు, అదీ కోశాడు. పాట కూడా పోయింది, పాటకి కారణం అడిగితే బాగోలేదు కదా అన్నాడు. సినిమా ముప్పావుగంట తగ్గింది. ఒక్కటి మాత్రం తియ్యడానికి కుదర్లేదు, చివరి యుద్ధంలో హీరో మాస్టారి ఫోటో చూసుకుని భోరుమంటాడు. అక్కడికి రాగానే ముందువరసవాళ్ళు ఆటాటకీ అరుస్తున్నారు, "ఏడవకు బాబూ, ఆయన ఇంట్లో కాఫీ తాగుతున్నాడు" అని. హాలు హాలంతా పడీ పడీ నవ్వు. పక్క ఊళ్ళలో ఈ సినిమా వారం తిరగకుండానే ఎత్తేశారు. మన దగ్గర రెండో వారం నిండుతోంది. పక్క ఊళ్ళ నుంచి కూడా వస్తున్నారు, మీ హాల్లో మాస్టారు చావడట కదా అని అడిగి మరీ టికెట్ తీసుకుంటున్నారు.

ప్రింటు సంగతి భయపడకు. కోసిన ప్రతి ముక్కకీ నంబరు వేసి దాచాడు. ఇరవై ఎనిమిదిన ప్రింటు తిరిగి ఇచ్చెయ్యాలి, ఆ పొద్దున ఎక్కడివక్కడ అతికించి పంపుతాడు. ఆయన ముక్క మాత్రం తీసి మళ్ళీ డబ్బాలో పెట్టుకుంటాడు.

ఒక మాట చెప్పనా? ఆయనిప్పుడు ప్రతి ఆటకీ ఏడో రీలు ఎక్కించి, మెషిన్ నాకు అప్పగించి, కిందికి పోయి వెనక తలుపు దగ్గర నిలబడుతున్నాడు. అది తెరుచుకున్నాక పైకొస్తున్నాడు. నువ్వు ఇరవై ఎనిమిదిలోపు రాకపోతే నా మరదలివే కావు.

నీ వదిన

ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను, పోస్టులో వెయ్యమని.


మార్చి 23

వదినా,

నీ ఉత్తరం మడిచే గదిలో చదివాను. పారాచూట్లు ఆరేసే ఎత్తు గోపురం ఉంటుంది చూడు మా దగ్గర, దాని కింద నిలబడి, పైన పదిహేను పారాచూట్లు వేలాడుతుండగా. అంత్యక్రియలు కోసిన దగ్గర మొదలైంది నవ్వు. కాఫీ తాగుతున్న మాస్టారి దగ్గరికొచ్చేసరికి మా వాళ్ళు పరిగెత్తుకొచ్చారు నాకేమైందోనని. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో వాళ్ళకి తెలియలేదు, నాకూ సరిగ్గా తెలియలేదు. రేడియో ఆపరేటరు నీ ఉత్తరాన్ని క్యాంటీన్‌లో పైకి చదివింది. పిల్ల పైలట్లు ఇప్పుడు సెలవులు కలుపుకుంటున్నారు, అన్నయ్య తీసిన సినిమా చూడ్డానికి.

నేను పెద్ద తప్పు చేశాను. డ్రైవరు కత్తెర చూశాడు, మిగతాదంతా నేనే అతికించుకున్నాను. అన్నయ్య కాళ్ళ మీద పడాలి. ఆయన పడనివ్వడు, "లే, నడుం పట్టేస్తుంది" అంటాడు.

నువ్వు రాయని సంగతొకటి నేను చెప్పాలి. నీకు తెలిసి ఉండదు. ఉత్తరం తీశాక కవరు దులిపితే ఒక అట్టముక్క పడింది. రీలు డబ్బాలో పెట్టే కార్డది, ముందువైపు ఏడో రీలు అని, అతికించిన తారీఖు ఉన్నాయి. వెనక్కి తిప్పాను. అన్నయ్య చేతిరాత నేను చివరిసారి చూసింది నా స్కూలు పుస్తకాల అట్టల మీద.

"తెరుచుకుంది. రోజుకి నాలుగు ఆటలు."

కింద సంతకం పెట్టాడు. సంతకం కింద, నేను గుర్తుపట్టనేమోనన్నట్టు, ఆపరేటరు అని కూడా రాశాడు.

దాన్ని పెట్టెలో ఆ మూడు కార్డుల మీద పెట్టాను.

ఇరవై ఏడున మ్యాట్నీకి వస్తున్నాను. మధ్య వరసలో రెండు సీట్లు ఉంచు, నాకూ అన్నయ్యకీ. మెషిన్ దగ్గర నువ్వే ఉండాలి, క్షమించు. ఏడో రీల్లో గులాబీ రంగు వచ్చినప్పుడు కంత దగ్గరికి రా. తెర చూడకు. మా అన్నయ్యని చూడు. నీకు అలవాటేగా.

నీ ఆడపడుచు